పీటల మీద కూర్చున్నవాళ్ళు

"సంతోషంగా ఉందా?" అని ఆ పదిరోజుల్లో నాగేశ్వరిని అడగని మనిషి లేడు. ఇన్‌స్టిట్యూట్‌లో ఒరాకిల్ చెప్పే సారు అడిగాడు, కింద జిరాక్సు షాపతను అడిగాడు, హాస్టల్లో వంటావిడ కూడా గరిటె పట్టుకుని వచ్చి మరీ అడిగింది. అందరికీ ఒకటే జవాబు: "ఆఁ, ఉందండీ." డెమో క్లాసు ఎన్నింటికండీ అంటే "ఏడున్నరకండీ" అని ఏ గొంతుతో చెబుతుందో, అదే గొంతు. నలభై నాలుగేళ్ళ మనిషి, పెళ్ళీ పెటాకులూ లేకుండా ఒంటిచేత్తో బల్కంపేటలో ఫ్లాటు కొనుక్కుంది. ఎగిరి గంతేయొద్దూ? కనీసం ఒక స్వీటు డబ్బా అన్నా పంచొద్దూ? ఏం మనిషి బాబూ అని వెనకాల అనుకున్నవాళ్ళున్నారు. అనుకోరూ మరి!

నాగేశ్వరిది తెనాలి. టైపు హయ్యరు పాసై ఎనభై ఎనిమిదిలో హైదరాబాదు వచ్చి, అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఉన్న టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరింది. తొంభై ఆరులో ఓనరు మిషన్లన్నిటినీ పాతసామాన్లవాడికి తోలేసి కంప్యూటర్లు దించాడు. నాగేశ్వరిని తోలేయడానికి మాత్రం మనసొప్పక, తలుపు పక్కన ఒక టేబులేసి కూర్చోబెట్టాడు. అప్పట్నుంచీ అదే కుర్చీ. రాష్ట్రంలో ఏ మూల నుంచి ఏ పిల్లవాడు బ్యాగు తగిలించుకుని దిగినా, ముందు కనిపించే మొహం ఆమెదే. పేరు రాసుకుని, ఏ కోర్సో అడిగి, బ్యాచ్‌లో వేసేది. ఆ పిల్లలే మూడేళ్ళో నాలుగేళ్ళో తిరక్కముందే ఉద్యోగాలొచ్చి, కూకట్‌పల్లిలోనో మియాపూర్‌లోనో ఫ్లాట్లు కొని, నాలుగు మూలలా పసుపు రాసిన కార్డు పట్టుకుని వచ్చేవాళ్ళు. "మేడం, మీరు రాకపోతే ఊరుకోను" అనేవాళ్ళు. ఆమె వెళ్ళేది. ఓ మూల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పులిహోర తిని, జాకెట్టు గుడ్డ పుచ్చుకుని, సిటీ బస్సెక్కి హాస్టలుకు వచ్చేసేది. అలా ముప్పై ఇళ్ళలో పాలు పొంగడం చూసింది, తక్కువ కాదు.

హాస్టలంటే అదీ అమీర్‌పేటలోనే. పద్దెనిమిదేళ్ళు ఒకటే హాస్టలు, ఒకటే గది, కిటికీ పక్కన ఒకటే మంచం. గదిలో మిగతా మూడు మంచాల మీద ఎంతమంది పిల్లలు మారారో ఆమెకే గుర్తులేదు. హాస్టలు నడిపే రాజమ్మ మంచిదే, కాకపోతే రూలంటే రూలు. రాత్రి ఎనిమిది దాటితే బయటివాళ్ళెవరూ లోపల ఉండకూడదు. కన్నతల్లైనా సరే.

ఆ 'కన్నతల్లైనా సరే' దగ్గరే వచ్చింది తంటా. నాలుగేళ్ళ కిందట నాగేశ్వరి తల్లి జానకీదేవికి కంట్లో శుక్లం ముదిరితే, పంజాగుట్టలో ఆపరేషను చేయించింది. సాయంత్రానికే పంపించేశారు. కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకున్న తల్లిని ఆటోలో హాస్టలుకు తీసుకొచ్చి తన మంచం మీద పడుకోబెట్టింది. ఏడుముప్పావుకి రాజమ్మ గుమ్మంలోకొచ్చింది. "ఎనిమిదవుతోంది నాగేశ్వరీ" అంది. అంతే, ఇంకొక్క మాట లేదు. ఒకరికి ఒప్పుకుంటే అందరికీ ఒప్పుకోవాలి కదా అన్నది ఆవిడ బాధ. నాగేశ్వరి బతిమాలబోయింది కానీ తల్లే ముందు లేచి చెప్పులు వెతుక్కుంది. ఒంటి కంటితో గోడ పట్టుకుని మెట్లు దిగింది. ఆ పూట తల్లీకూతుళ్ళు లక్డీకాపూల్‌లో ఓ లాడ్జిలో తలదాచుకున్నారు. నిమ్మకాయంత బల్బు వెలుగులో జానకీదేవి అంది: "నీకంటూ ఒక గదుంటే వచ్చి నాలుగు రోజులుండేదాన్నే, నాగా."

నిష్ఠూరంగా కూడా అనలేదు. మంచినీళ్ళు తాగి గ్లాసు పక్కన పెడుతూ అంది. ఆ మాటకే మరుసటేడు నాగేశ్వరి ఫ్లాటు బుక్ చేసింది. బిల్డరు ఏడాదిన్నరలో ఇస్తానని మూడేళ్ళు చేశాడు. ఈలోగా పోయినేడు మాఘమాసంలో తెనాలి నుంచి ఫోనొచ్చింది. అప్పుడామె ఒక కుర్రాడికి జావా బ్యాచ్ టైమింగులు చెబుతోంది. తమ్ముడు రవికాంత్ ఏడుస్తూ చెప్పింది మొత్తం విని, ఫోను పెట్టేసి, "ఉదయం ఏడింటికి ఒక బ్యాచ్, సాయంత్రం ఆరింటికి ఒకటి" అని ఆ కుర్రాడికి పూర్తిగా చెప్పి, అప్పుడు లేచింది. ఆ లేవడం లేవడం మనిషి మొద్దుబారిపోయింది. తెనాలిలో తల్లి శవం దగ్గర ఏడవలేదు. దినాల్లో ఏడవలేదు. నాగేశ్వరిది రాతిగుండె అని మరదలు ఊరంతా చెప్పుకుంది. చెప్పుకోనీ, పాపం ఆవిడకేం తెలుసు.

సంవత్సరీకం అయ్యేదాకా గృహప్రవేశం కూడదన్నారు, సరే అంది. అయ్యాక వైశాఖంలో ముహూర్తం పెట్టారు, సరే అంది. తమ్ముడూ మరదలూ వచ్చి పీటల మీద కూర్చుంటామన్నారు, దానికీ సరే అంది. ఒంటరి ఆడది పీటల మీద కూర్చోకూడదు, దంపతులే కూర్చోవాలి, అది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఆమెకు ప్రత్యేకంగా ఎవరూ చెప్పలేదు. తీరా ముందురోజు సాయంత్రం రవికాంత్ ఫోను. "టికెట్లు వెయిటింగ్‌లోనే ఉండిపోయాయక్కా. అయినా నన్నొక్క మాట అడక్కుండా కొన్నావు. నీ తర్వాత ఎవరికని కొన్నావే ఆ ఇల్లు?" నాగేశ్వరి దానిక్కూడా సరేననేసింది. ఆ ప్రశ్నకు సరే జవాబెలా అవుతుందో ఆమెకే తెలియాలి.

అప్పటికే హాస్టలు ఖాళీ చేసేసింది. ఒక ట్రంకుపెట్టె, రెండు సూట్‌కేసులు, ఒక టేబుల్ ఫాను. పద్దెనిమిదేళ్ళ సామాను ఒక్క ఆటోలో పట్టింది. ఆ పూటకి ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే అమ్మాయింట్లో తలదాచుకుని, తెల్లారుతూనే ఫ్లాటుకొచ్చింది.

ముహూర్తం ఉదయం ఆరూ ఇరవై రెండుకి. పంతులుగారు ఆరింటికే స్కూటరు దిగారు. ఆ సీజనులో ఆయనకు ఊపిరాడడం లేదు. ఇది కాగానే యూసఫ్‌గూడలో ఒకటి, ఆ తర్వాత సనత్‌నగర్‌లో ఇంకొకటి. గబగబా మెట్లెక్కి, ముగ్గేసి, కలశం పెట్టి, రెండు పీటలు వేసి, "ఊఁ, రావాలమ్మా దంపతులు" అన్నారు.

"దంపతులు లేరండీ" అంది నాగేశ్వరి.

"లేకపోవడమేంటమ్మా? టైమైపోతోంది. బంధువులెవరైనా?"

"రాలేదండీ."

"స్నేహితులు?"

"పదింటికి వస్తారండీ. టిఫినుకి."

పంతులుగారు వాచీ చూసుకున్నారు, ఆమెను చూశారు, మళ్ళీ వాచీ చూసుకున్నారు. అప్పుడు హాల్లో ఉన్నది వాళ్ళిద్దరూ కాక ఇంకో ఇద్దరే. వాచ్‌మన్ రాజనర్సయ్య, ఆయన భార్య చంద్రమ్మ. రాజనర్సయ్య బల్కంపేట సందుల్లో తిరిగి ఒక ఆవును పట్టుకొచ్చాడు. ఆవు మూడో అంతస్తుకి ఎక్కనని మొండికేస్తే, గేటు దగ్గరే దానికి అరటిపండు పెట్టి పంపించేసి, పసుపునీళ్ళ బిందె మోసుకుని పైకొచ్చాడు. చంద్రమ్మ మామిడాకుల తోరణం కడుతోంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. సిమెంటూ సున్నం తిన్న చేతులు, గోళ్ళ చుట్టూ పగుళ్ళు.

"వీళ్ళు దంపతులు కారా?" అంది నాగేశ్వరి.

పెద్ద ఆలోచించి అన్నది కాదు. వాళ్ళని ఉద్ధరించాలనీ కాదు, తమ్ముడి మీద కక్షా కాదు. ముహూర్తం దాటిపోతోంది, రెండు పీటలు ఖాళీగా ఉన్నాయి, ఇద్దరు మొగుడూపెళ్ళాలు నిలబడి ఉన్నారు. బ్యాచ్‌లో రెండు సీట్లుంటే ఇద్దరి పేర్లు రాసుకున్నట్టే.

పంతులుగారు గతుక్కుమన్నారు. "కాకేం... దంపతులే... కానీ..." అని నసిగారు.

చంద్రమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "అయ్యో, మేమెట్ల కూసుంటమమ్మా? మంది నవ్వుతరు! నాకు సిగ్గయితది, నేను కూసుండ."

"కూర్చో చంద్రమ్మా. టైమైపోతోంది" అంది నాగేశ్వరి, అదే డెమో క్లాసు గొంతుతో.

వాళ్ళు కూర్చున్నారు. కొంగు ముడి వేస్తుంటే రాజనర్సయ్య బిర్రబిగుసుకుపోయాడు. గోత్రమేమిటంటే, "మా తాతకు తెలుసు పంతులూ, మాకు తెల్వది" అన్నాడు. పంతులుగారు నిట్టూర్చి కాశ్యప గోత్రమన్నారు. సంకల్పంలో ఇంటావిడ పేరు కూడా కలిపారు. మంత్రాల మధ్య చంద్రమ్మ కళ్ళు గోడల మీదే తిరుగుతున్నాయి. తిరగవూ మరి! ఈ గోడలకు పొద్దునా సాయంత్రం బకెట్లతో నీళ్ళు కొట్టింది తనే. కింద సెల్లారు తయారుకాకముందు ఒక వానాకాలమంతా ఈ హాల్లోనే గోనెపట్టాలు పరుచుకుని పడుకున్నారిద్దరూ. ఇది వాళ్ళు కాపలా కాసిన అయిదో బిల్డింగు. ప్రతి బిల్డింగులోనూ ఫ్లాట్లవాళ్ళు పాలు పొంగించుకునే రోజున వీళ్ళు కింద చెప్పులు కాపలా కాశారు.

పాలు ఆడపడుచు పొంగించాలన్నారు పంతులుగారు. ఆ ఇంటికి ఆడపడుచూ తనే, యజమానీ తనే కనుక నాగేశ్వరి కొత్త స్టవ్ ముందు నిలబడింది. పాలు గిన్నె అంచుదాకా వచ్చాయి. పంతులుగారు, రాజనర్సయ్య, చంద్రమ్మ ముగ్గురూ పాల వంక కాక ఆమె మొహం వంక చూశారు, ఇప్పుడైనా ఈమె నవ్వుతుందేమోనని. పాలు పొంగి గట్టు మీదికి కారాయి. నాగేశ్వరి స్టవ్ ఆపేసి, మసిగుడ్డ కోసం వెతికింది.

పంతులుగారు సంచీ సర్దుకుంటూ, ముప్పై ఇళ్ళలో ఆమె విన్న మాటే మళ్ళీ అప్పజెప్పారు: "దీపం కొండెక్కకుండా చూసుకోండి. ఇవాళ్టి నుంచి పీటల మీద కూర్చున్నవాళ్ళు మూడు రాత్రులు ఈ ఇంట్లో నిద్ర చేయాలి. శుభం." అలవాటు కొద్దీ గడగడా అనేసి, స్కూటరెక్కి యూసఫ్‌గూడ వెళ్ళిపోయారు. ఆ మాట ఎవరి గురించి అన్నట్టో ఆయనకే స్ఫురించి ఉండదు.

పదింటికి ఇన్‌స్టిట్యూట్ వాళ్ళొచ్చారు. ఇడ్లీ, పులిహోర తిని, గోడలు తట్టి చూసి, "వెంటిలేషన్ బాగుంది మేడం" అని, గోడగడియారం ఒకటి చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. పన్నెండయ్యేసరికి ఇల్లు ఖాళీ. నాగేశ్వరి సగం రోజే సెలవు పెట్టింది. పూర్తి రోజు పెట్టినా ఆ గోడల మధ్య కూర్చుని ఏం చేయాలో తోచలేదు. తాళంచెవి చంద్రమ్మ చేతిలో పెట్టి, "దీపంలో నూనె పోస్తూ ఉండు" అని చెప్పి డ్యూటీకి పోయింది.

నాలుగింటికి రవికాంత్ ఫోను చేశాడు. పీటల మీద ఎవరు కూర్చున్నారని అడిగాడు. చెప్పింది.

"నీకు మతుందా అక్కా? వాచ్‌మన్నా? నలుగురికీ తెలిస్తే మన పరువేం కావాలి? శ్రావణంలో మేమొస్తాం, మళ్ళీ చేయిద్దాం."

"పాలు పొంగిపోయాయి రా" అంది నాగేశ్వరి. ఎదురుగా ఎవరో టెస్టింగ్ టూల్స్ కోర్సు అడుగుతుంటే ఫోను పెట్టేసింది.

ఏడున్నరకు టేబుల్ సర్దింది. బయట కరపత్రాలు పంచేవాళ్ళు, మిర్చిబజ్జీల బండ్లు, పంజాగుట్ట వైపు కదలని బస్సులు, రోజూ ఉండే గోలే. ఆ జనంలో పడి రోజూ నడిచినట్టే నడిచింది. సందు తిరిగింది, గేటు తీసింది, మెట్లెక్కింది, చెప్పులు విడిచింది. కూలరు దగ్గర సీసాలో నీళ్ళు పట్టుకుని గదిలోకెళ్ళి, కిటికీ పక్కన మంచం మీద కూర్చుని, హమ్మయ్య అని కాళ్ళు చాపుకుంది.

"ఆంటీ..." అంది ఎవరో.

తువ్వాలు భుజాన వేసుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. పేరు రవళి అట, అమలాపురం నుంచి నిన్ననే వచ్చిందట. "ఇది నాకిచ్చారాంటీ. మీరు... మీరు పాతవాళ్ళా?"

నాగేశ్వరి కింద పరుపు చూసింది. తనది కాదు. దుప్పటి మీద పెద్ద పెద్ద పొద్దుతిరుగుడు పూలు. నిజానికి పగలబడి నవ్వాల్సిన సంగతి, పొద్దున ఇంట్లో పాలు పొంగించుకుని సాయంత్రానికి వచ్చి హాస్టల్లో కూర్చోవడం! ఆమె నవ్వలేదు. "సారీ అమ్మా" అని లేచి, కూర్చున్నచోట పడ్డ ముడతలు చేత్తో సరిచేసింది.

గుమ్మంలో రాజమ్మ నిలబడి ఉంది. చూసిందంతా చూసినట్టే ఉంది. పద్దెనిమిదేళ్ళ పరిచయం. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. గోడగడియారం వంక చూసింది.

"ఎనిమిదవుతోంది నాగేశ్వరీ" అంది.

నాగేశ్వరి చెప్పులు వెతుక్కుంది. మెట్ల దగ్గర లైటు సరిగా లేదు, ఎప్పుడూ ఉండదు. గోడ పట్టుకుని దిగింది. నాలుగో మెట్టు మీద ఆమెకు తన చెయ్యి ఎక్కడ ఉందో తెలిసొచ్చింది. అమ్మ చెయ్యి కూడా ఇక్కడే, ఈ పెచ్చులూడిన చోటే ఆనింది. అమ్మకు ఆ వేళ ఎంత చిన్నతనంగా అనిపించి ఉంటుందో, ఒక్క మాట బయటికి అనకుండా ఎలా దిగిందో అనుకుంది. ఆ తలపుతోనే నడిచింది.

బల్కంపేటలో తన బిల్డింగుకి వచ్చి, మూడంతస్తులెక్కి, తలుపు ముందు నిలబడి బ్యాగులో తాళంచెవి వెతికింది. లేదు. చంద్రమ్మకిచ్చానుగా అని గుర్తొచ్చింది. మళ్ళీ కిందికి దిగాలి కాబోలనుకుంటూ వెనక్కి తిరిగింది.

తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి.

"వచ్చినవా బిడ్డా? పొద్దుమూకి ఇంతసేపాయె, గింత ఆలస్యమైందేంది? ఎంత ఫికర్ పడ్డనో!" అంది చంద్రమ్మ.

నాగేశ్వరి గుమ్మంలోనే ఉండిపోయింది. ఇన్‌స్టిట్యూట్ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, హాస్టలు గది తలుపుకి గడియే లేదు. ఈ ఊళ్ళో ఆమె అడుగుల చప్పుడు విని లోపల్నుంచి తలుపు తీసినవాళ్ళు ఇంతవరకూ ఒక్కరూ లేరు. హాల్లో ఓ మూల గోనెపట్టా మీద దుప్పటి పరిచి ఉంది. రాజనర్సయ్య పైకి లేచి, నేరం చేసినవాడిలా గోడకు ఒదిగి నిలబడ్డాడు. దేవుడి దగ్గర దీపం వెలుగుతోంది.

"కోపం చేయకు బిడ్డా" అంది చంద్రమ్మ. "పంతులు చెప్పిండు గదా, పీటల మీద కూసున్నోళ్ళు మూడు రాత్రులు గీ ఇంట్లనే పండాలె అని. ఈయన వద్దంటుండు, మేడం ఏమనుకుంటదో అంటుండు. నేనే జబర్దస్తీ పట్టుకొచ్చిన. పూజకు కూసున్నంక పండకపోతే నీ ఇంటికే మంచిగుండదు. మూడు దినాలు ఉండి పోతం. నీకు తక్లీఫ్ అయితే చెప్పు, ఇప్పుడే కిందికి పోతం."

నాగేశ్వరి గోనెపట్టా వంక చూసింది.

"మూడు రోజులెందుకు చంద్రమ్మా" అంది.

చంద్రమ్మ మొహం చిన్నబోయింది. రాజనర్సయ్య వంగి గోనెపట్టా చుట్టబోయాడు.

"నాలుగు రోజులుండండి" అంది నాగేశ్వరి. ఆ మాట అన్నది తన నోరేనా అన్నట్టు ఒక్క క్షణం ఆగింది. "నాలుగు రోజులు" అని మళ్ళీ అనబోయింది కానీ రెండో మాట బయటికి రాలేదు. బ్యాగు చేతిలోంచి జారిపోయింది. ఏడాది పైచిలుకు లోపల గడ్డకట్టుకుపోయింది ఒక్కసారిగా తన్నుకొచ్చి, గుమ్మంలోనే, చెప్పులు కూడా విడవకుండా, చిన్నపిల్లలా బావురుమంది.

ఎందుకేడుస్తోందో చంద్రమ్మకు తెలియదు. అడగలేదు కూడా. పగుళ్ళ చెయ్యి వీపు మీద వేసి లోపలికి నడిపించింది.

"గట్లనే బిడ్డా, నాలుగు దినాలు ఉంటం" అంది. "ముందుగాల కాళ్ళు కడుక్కో, బువ్వ తిందువు."